జారుడు నేల

డ్రిఫ్టింగ్ అన్న మాటకి తెలుగు మాట కోసం కొన్నాళ్లు వెతికాను. "జారుడు" అంటే పిల్లల పార్కులో బల్ల గుర్తొస్తుంది. "స్కిడ్" ఎప్పుడో మన మాట అయిపోయింది గానీ, బండి స్కిడ్ అయిందంటే వెంటనే "ఎవరికేమైంది?" అని అడుగుతాం. మా కురిచేడు వైపు "బండి జారింది" అంటారు, "బండి పక్కకి లాగేసింది" అంటారు. గమనిస్తే వీటన్నిటిలో కర్త బండే. ఫలానా మనిషి పనిగట్టుకుని బండిని జారించాడు అనే వాక్యం మా ఊళ్లో నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆ వాక్యంతో అక్కడ ఎవరికీ అవసరం పడలేదు. అందుకని ఇంగ్లీషు మాటే వాడతాను.

పని చెప్పడానికి తేలికే. మలుపులో వెనక చక్రాలకి నేల మీద పట్టు తప్పిస్తాం. కారు వెనక భాగం బయటికి ఊగుతుంది. అప్పుడు స్టీరింగ్‌ని మలుపుకి ఎదురు దిక్కుకి తిప్పి, యాక్సిలరేటర్‌తో వెనక చక్రాలు తిరుగుతూనే ఉండేలా చూసుకుంటూ, ఆ అడ్డదిడ్డపు భంగిమలోనే మలుపు మొత్తం దాటుతాం. కారు ముక్కు ఒక వైపు చూస్తుంటుంది, కారు ఇంకో వైపు పోతుంటుంది. డ్రైవరు దారిని ముందు అద్దంలోంచి కాకుండా పక్క కిటికీలోంచి చూస్తాడు.

జపాన్‌లో 1970ల్లో కునిమిత్సు తకహాషి అనే రేసర్ మలుపుల్లో వేగం పోకుండా ఉండటానికి కారుని ఇలా జారించేవాడు. ఆయన అంతకు ముందు మోటార్ సైకిళ్ల మనిషి. 1961లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మోటార్ సైకిల్ రేసు గెలిచిన మొదటి జపనీయుడు. ఆయన్ని చూసి కెయిచి త్సుచియా అనే కుర్రాడు రాత్రిళ్లు కొండదారుల మీద సాధన చేశాడు. 1987లో వచ్చిన అతని వీడియో చూసి ఇంకా చాలామంది కుర్రాళ్లు చేశారు. 2001లో అది డీ1 గ్రాండ్ ప్రీ అనే పోటీ అయింది, 2004కల్లా అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ అయింది. ఈ పోటీల్లో నాకు నచ్చిన విషయం, గెలుపు గడియారం చేతిలో లేకపోవడం. ఎవరు ముందొచ్చారని చూడరు. జడ్జీలు కూర్చుని కారు పట్టిన దారి, అది ఎంత కోణంలో అడ్డం తిరిగింది, ఎంత శైలిగా చేశాడు అని చూసి మార్కులేస్తారు. అంటే ఇదొక కథల పోటీ. కథల పోటీల్లో ఉండే గొడవలన్నీ ఇక్కడా ఉంటాయి. పుస్తకాల మీద నాలుగు సమీక్షలు రాసి నలుగురితో తిట్లు తిన్నవాణ్ణి కాబట్టి ఆ జడ్జీల మీద నాకు సానుభూతి ఉంది.

నేను దీన్ని మొదట చూసింది ఇంజనీరింగ్ హాస్టల్లో, 2006లో వచ్చిన "టోక్యో డ్రిఫ్ట్" సినిమాలో. సినిమాగా చెప్పుకోడానికి పెద్దగా ఏం లేదు. చేపలు పట్టే మనిషిగా అందులో క్షణం సేపు కనిపించేది స్వయంగా త్సుచియానే అని తర్వాత ఎప్పుడో తెలిసింది. నన్ను పట్టుకున్నది "ఇనీషియల్ డి". షుఇచి షిగెనో 1995లో మొదలుపెట్టిన బొమ్మల కథ. అందులో కుర్రాడికి రేసుల మీద ఆసక్తే ఉండదు. తెల్లారుజామున నాన్న కారులో కొండ మీది హోటలుకి సోయా జున్ను చేరవేస్తుంటాడు. అది చితకకుండా ఉండాలని నాన్న కారులో నీళ్ల గ్లాసు పెడతాడు, చుక్క ఒలకకూడదు. ఏళ్ల తరబడి అలా తిరిగీ తిరిగీ వాడికి తెలియకుండానే విద్య వస్తుంది. ఇది చదివినప్పుడు చాలామందికి త్సుచియా గుర్తొస్తాడట. నాకు మా మావ గుర్తొచ్చాడు. ఆయన మా అమ్మకి తమ్ముడు. 22 ఏళ్లు లారీ నడిపాడు. ఎక్కువగా మార్కాపురం పలకల లోడ్లు. 1998 తర్వాత స్టీరింగ్ ముట్టుకోలేదు.

ఆ సంగతికి తర్వాత వస్తాను.

మన దగ్గర డ్రిఫ్టింగ్ నేర్చుకోవాలంటే మొదటి చిక్కు కారే. ఇంజన్ బలం వెనక చక్రాలకి పోయే కారు కావాలి. 1983 చివర్లో మారుతి 800 వచ్చాక మామూలు మనిషి కొనే కార్లు దాదాపు అన్నీ ముందు చక్రాలతో లాగే రకానికి మారిపోయాయి. ఇంటికి అది మంచిదే, నాలాంటి వాళ్లకి కాదు. వెనక చక్రాల బండ్లలో మిగిలినవి చూస్తే, ఖరీదైన జర్మన్ కార్లు ఉన్నాయి, ఈఎంఐ లెక్క వేసి పక్కన పెట్టాను. ఓమ్ని ఉంది, అడ్డం తిప్పితే పక్కకి పడుకుంటుంది. అంబాసిడర్, పద్మిని, కాంటెస్సా ఉన్నాయి. హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు 1984 నుంచి 2002 దాకా చేసిన కాంటెస్సా మా తరానికి సినిమాల్లో విలన్ దిగే కారుగా తెలుసు. మొదట్లో దానికి అంబాసిడర్ ఇంజనే పెట్టారు, అంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి పిల్లి గొంతు పెట్టినట్టు. తర్వాత వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజన్, అయిదు గేర్ల మోడల్ మాత్రం ఆ రోజులకి గట్టి బండి.

లాక్‌డౌన్ పుణ్యమా అని హైదరాబాద్ ఆఫీసు కురిచేడులో మా ఇంటి పై గదికి మారింది. 2021 ఫిబ్రవరిలో దర్శి దగ్గర ఒక మిల్లు షెడ్డులో అలాంటి కాంటెస్సా ఉందని తెలిసింది. 1995 మోడల్. సీట్ల కింద ఎలుకలు కాపురం పెట్టాయి. 70 వేలకి బేరం కుదిరింది. దాన్ని మా ఇంటి దాకా ట్రాక్టరుకి తాడు కట్టి లాక్కొచ్చాం. వీధిలో వాళ్లందరికీ ఆ దృశ్యం నచ్చింది, మా అమ్మకి తప్ప.

రెండో చిక్కు చోటు. చట్టం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పబ్లిక్ రోడ్డు మీద ఈ పని చేస్తే 1988 మోటారు వాహనాల చట్టంలో 184, 189 సెక్షన్లు ఉన్నాయి. బండి తయారైన తీరు మార్చేసి రోడ్డెక్కితే 52వ సెక్షన్ ఉంది. అవి లేకపోయినా, సాయంత్రం పూట గేదెలు ఇంటికొచ్చే దారి మీద ఈ పని చేసేవాణ్ణి ఏమనాలో మా ఊళ్లో అందరికీ తెలుసు. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది గానీ వారం వారం వెళ్లే దూరం కాదు. నాకు చోటు దొరికింది మా పక్కనే, ఒక చచ్చిపోయిన వెంచర్‌లో.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి. రాష్ట్రం విడిపోయిన 2014లో కొత్త రాజధాని దొనకొండ దగ్గర వస్తుందని గట్టిగా ప్రచారం జరిగింది. ప్రభుత్వ భూమి బోలెడుంది, బ్రిటిష్ వాళ్ల కాలం నాటి విమానాల మైదానం ఉంది, గుంటూరు నుంచి నంద్యాల పోయే రైలు మార్గం ఉంది. దొనకొండ మాకు పక్క మండలం. కందులూ మిరపా పండే, కొన్నేళ్లు ఏదీ పండని నేలకి రాత్రికి రాత్రి రేట్లు లేచాయి. ఎక్కడెక్కడివాళ్లో కార్లేసుకుని వచ్చారు. మా దూరపు బంధువు ఒకాయన కూడా పదెకరాలు వెంచర్ వేశాడు. ఆర్చి కట్టాడు, గ్రావెల్ రోడ్లు పోయించాడు, ముందు వైపు రెండు వందల మీటర్లు తారు కూడా వేయించాడు. రాజధాని అమరావతికి పోయింది. ఆర్చి మీద పేరులో సగం అక్షరాలు రాలిపోయాయి. రోడ్లు మాత్రం రోడ్లలాగే ఉన్నాయి. చుట్టూ కంచె, లోపల ఒక్క ఇల్లు లేదు. "ఏం చేసుకుంటావో చేసుకో, గొర్రెల్ని మాత్రం గుద్దొద్దు" అని తాళం ఇచ్చాడు. ఆంధ్రలో డ్రిఫ్టింగ్ మ్యూజియం అంటూ ఎవరైనా పెడితే మొదటి గదిలో రియల్ ఎస్టేట్ వాళ్ల ఫొటో ఉండాలి.

ఇక కారు. ఇంజన్ పని మెకానిక్ చూసుకున్నాడు. కార్బురేటర్ విప్పి కడగడం, రేడియేటర్ తుప్పు తీయడం, టైమింగ్ సరిచెయ్యడం, ఇదంతా ఏ పాత బండికైనా ఉండేదే. అసలు కథ వెనక ఇరుసులో ఉంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలి చక్రం తక్కువ. రెండిటికీ వేరు వేరు వేగం ఇవ్వడానికి మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది. దాని గుణం ఏమిటంటే, ఏ చక్రానికి పట్టు తక్కువుంటే అది విచ్చలవిడిగా తిరుగుతుంది, రెండోది ఊరుకుంటుంది. బురదలో దిగబడ్డ లారీకి ఒక చక్రం గిర్రున తిరుగుతూ బురద చిమ్మడం అందరం చూసే ఉంటాం. డ్రిఫ్ట్‌లో రెండూ కలిసి తిరగాలి. డబ్బున్న వాళ్లు అందుకోసం వేరే డిఫరెన్షియల్ కొంటారు. లేనివాళ్లు ప్రపంచమంతటా చేసేది ఒకటే, లోపలి పళ్ల చక్రాల్ని వెల్డింగ్ చేసి ఒకే ముద్ద చేసెయ్యడం. మెకానిక్ నా మొహం రెండు సార్లు చూశాడు. "మంచి దాన్ని చెడగొట్టమంటారేంది సార్?" వెల్డింగ్ అయ్యాక కారుని వీధి మలుపులో నెమ్మదిగా తిప్పితే వెనక టైర్లు కిర్రుమని ఏడ్చాయి. జారినప్పుడు మాత్రం రెండూ ఒక మాట మీద ఉండేవి.

తర్వాత ముందు చక్రాలు. అలైన్‌మెంట్ షాపు కంప్యూటర్లో కాంటెస్సా వివరాలే లేవు. ఇంట్లో కారు పక్కల పొడుగునా దారాలు కట్టి, స్కేలుతో కొలిచి, మూడు ఆదివారాలు కూర్చున్నాం. ఇందులో క్యాస్టర్ అని ఒకటుంది, దాని గురించి చెప్పక తప్పదు. మీ ఆఫీసు కుర్చీ కింద చక్రాలు చూడండి. కుర్చీని ఎటు తోస్తే చక్రం అటు తనంతట తనే తిరిగి వెనకాల వస్తుంది. చక్రం నేలని తాకే చోటు, అది తిరిగే కీలు కన్నా వెనక ఉండటం వల్ల అలా జరుగుతుంది. కారు ముందు చక్రాలకీ ఆ గుణం కొంచెం ఉంటుంది. అది పెంచితే కారు వెనక భాగం జారగానే ముందు చక్రాలు వాటంతటవే వెళ్లాల్సిన దిక్కుకి తిరుగుతాయి. నేను సరిచెయ్యగలిగినంత చేశాను. టైర్లలో గాలి వెనక 45, ముందు 28 పెట్టాను. వెనక టైరు గట్టిబడి నేలని తక్కువ తాకాలి, ముందుది ఎక్కువ పట్టుకోవాలి. వెనక సీటు పీకేశాం. బెల్టులూ హెల్మెట్లూ హైదరాబాద్ నుంచి తెప్పించాను. అంతే. సస్పెన్షన్ ముట్టుకోలేదు. ఈ విద్య గురించి రాసేవాళ్లు సగం పేజీలు సామాను జాబితాలతో నింపుతారు, అవి చదువుతుంటే నాకు పెళ్లి పత్రికలో బంధువుల పేర్లు చదివినట్టుంటుంది.

మావ మొదట్లో ఈ వైపే రాలేదు. ఆయన అభ్యంతరం టైర్ల గురించి. మా వైపు టైరుకి ఏడు జన్మలు. లారీకి కొత్తగా వేస్తారు. అరిగితే రీబటన్ చేయిస్తారు, మళ్లీ అరిగితే మళ్లీ. ఆ తర్వాత ఎద్దుల బండికి పోతుంది. అక్కడా పనికిరాకపోతే చెప్పులు కోస్తారు, ఆ చెప్పులు మనిషి కన్నా ఎక్కువ రోజులుంటాయి. మిగిలింది పిల్లలు కర్ర పట్టుకుని దొర్లించుకుంటారు. ఆఖరికి భోగి మంటలో పడుతుంది. అలాంటి చోట డబ్బులు పెట్టి కొన్న టైరుని కావాలని గంటలో అరగదీయడం అంటే ఆయనకి అన్నం పారబోసినట్టుంది. "ఎందుకురా అల్లుడా ఇది? యాడికి పోవాలని?" అని అడిగాడు ఒక రోజు. ఎక్కడికీ పోను, అక్కడక్కడే తిరుగుతాను అన్నాను. అది ఆయనకి జవాబులా అనిపించలేదు. నాకూ అనిపించలేదు. పంక్చర్ షాపుల్లో పారేసే గుండు టైర్లే వాడతానని మాత్రం చెప్పాను. నిజానికి వాటిలో పట్టు తక్కువ కాబట్టి నాకు అవే నయం. దాంతో కొంత మెత్తబడ్డాడు.

నేర్చుకోవడం ఏప్రిల్ ఎండల్లో, పొద్దున అయిదున్నరకి మొదలుపెట్టాను. పది గంటలకల్లా ఆఫీసు మీటింగులో ఉండాలి, అది కూడా మొహం కడుక్కుని. మొదటి నెల ఒకే ఒక పని: పాత పెయింటు డబ్బా ఒకటి నేల మీద పెట్టి, దాని చుట్టూ గ్రావెల్ మీద గుండ్రంగా తిరగడం. రెండో గేరు, స్టీరింగ్ తిప్పి, క్లచ్ ఒక్కసారి నొక్కి వదిలితే వెనక చక్రాలు ఉలిక్కిపడి జారతాయి. అక్కడి దాకా ఎవడైనా చేస్తాడు. జారిన కారుని జారుతూనే ఉంచడం అసలు పని. మొదట్లో కారు గిర్రున తిరిగి వెనక్కి చూస్తూ ఆగేది, దుమ్ము కళ్ల నిండా. లేకపోతే ఒక వైపు జారి, నేను స్టీరింగ్ తిప్పేసరికి అంతకన్నా గట్టిగా రెండో వైపు కొట్టేది.

ఈ రెండోది నాకు బాగా పరిచయమైన జబ్బు. మా సర్వర్ల మీద లోడ్ పెరిగితే యంత్రాల్ని పెంచే ప్రోగ్రాములు రాస్తుంటాం. కొలత ఆలస్యంగా అందితే ప్రోగ్రాం అవసరానికి మించి పెంచుతుంది, తర్వాత అవసరానికి మించి తగ్గిస్తుంది, అలా ఊగుతూ ఉంటుంది. తెలివి చాలక కాదు, సమాచారం ఆలస్యమై. నేను కళ్లతో చూసి స్టీరింగ్ తిప్పుతున్నాను. కళ్లు చెప్పేసరికి కారు అప్పటికే పది డిగ్రీలు దాటిపోయి ఉంటుంది. నడుముకి ముందు తెలుస్తుంది. సీటు కింద నుంచి ఒక తేలిక, మెట్టు ఉందనుకుని కాలేస్తే లేనప్పటి తేలిక, అది రాగానే చేతులు స్పందించాలి. ఇది మెదడుకి తెలిసిన నెల రోజులకి గానీ ఒంటికి తెలియలేదు.

మావ జూన్‌లో ఒక పొద్దున టీవీఎస్ వేసుకుని వచ్చాడు. రావడం రావడమే చేతిలో ఇనప రాడ్‌తో నాలుగు టైర్లూ కొట్టి చూశాడు. పాత లారీ వాళ్ల అలవాటు, శబ్దాన్ని బట్టి గాలి ఎంతుందో చెప్పేస్తారు. "ఎడమ ఎనక తగ్గింది" అన్నాడు. గేజి పెట్టి చూస్తే 39. తర్వాత ఆర్చి నీడలో గొంతుక్కూర్చుని గంట సేపు చూశాడు. నేను దిగి నీళ్లు తాగుతుంటే అన్నాడు:

"చేతులతో కొట్లాడతన్నావు. అది దాని దారికి అదే తిరగతా ఉండాది, నువ్వు అడ్డం పడతన్నావు. ఒదిలెయ్."

"ఒదిలేస్తే?"

"దానికి తెలుసు."

ఆ మాటే ఆ విషయం మీద నేను చూసిన వీడియోలన్నీ చెప్పాయి, క్యాస్టర్ గురించి మూడు ఆదివారాలు కొలిచింది నేనే. అయినా చేతులు వదల్లేదు. మావ చెప్పాక వదిలాను. కారు జారగానే స్టీరింగ్ అరచేతుల మధ్య నుంచి దానంతటదే సర్రున తిరిగింది, సరిగ్గా కావలసిన చోటికి. అక్కడ పట్టుకున్నాను. కారు అడ్డంగా నిలబడి, డబ్బా చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. తర్వాత ఇంకోటి. దుమ్ములోంచి ఆర్చి ఒక పక్క కిటికీలో కనిపించి పోయింది, మళ్లీ కనిపించింది. ఆ సంతోషం గురించి ఎక్కువ రాయను, అనుభవించిన వాళ్లకి అక్కర్లేదు.

ఆ తర్వాత మావ దాదాపు రోజూ వచ్చేవాడు. ఎక్కి కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. లారీ గురించి మాట్లాడేవాడు కాదు. మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నాకు తెలిసింది ఇంత: 1998లో, వాన రాత్రి, గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ మీదుగా నంద్యాల వైపు పలకల లోడుతో పోతుంటే, దిగుడులో ఒక వంపు దగ్గర లారీ వంపు తిరక్కుండా తిన్నగా పోయింది. మావకి కాలు విరిగింది. క్లీనర్ కుర్రాడు చనిపోయాడు. ఆ పిల్లవాడిది మా పక్క ఊరే. వాళ్లమ్మ బతికి ఉన్నంత కాలం మావ సంక్రాంతికి వాళ్లింటికి బియ్యం పంపేవాడు.

అక్టోబరులో వానలు పడ్డాయి. అంతకు ముందు ఒకసారి, తడి నేల మీద చెయ్యాలని ఉంది, ట్యాంకర్ తెప్పించి రోడ్డు తడుపుతానంటే మావ నా వైపు చూసిన చూపుకి ఆ ఆలోచన మానుకున్నాను. నీళ్లు బిందె లెక్కన కొనే ఊరు మాది. వానే పడింది కాబట్టి పేచీ లేదు. వెంచర్‌లో వెనక వైపు రోడ్డు కొంచెం పల్లంగా దిగి ఎడమకి తిరుగుతుంది. అక్కడ తెల్లారే సరికి ఎర్రమట్టి నూనె రాసినట్టుంది. నేను ఆ మలుపులో రెండు సార్లు జారి వచ్చాను. మావ చెయ్యెత్తి ఆపాడు. తలుపు తీసి, ఎక్కి, బెల్టు పెట్టుకున్నాడు.

"పైకి పోనీ. ఇట్టా కాదు. తిన్నగా రా. మలుపు కాడికి వచ్చినాక బ్రేక్ తొక్కు. గట్టిగా. తొక్కి ఉంచు."

ఏం అడుగుతున్నాడో నాకు అప్పుడే అర్థమైంది.

బ్రేక్ గట్టిగా తొక్కితే చక్రాలు తిరగడం మానేస్తాయి. తిరగని ముందు చక్రాన్ని ఎటు వంచినా దానికి దిక్కు ఉండదు, నేల మీద రాయిలా జారుతుంది. కారు తిన్నగా పోతుంది. ఏబీఎస్ అనేది సెకనుకి చాలా సార్లు బ్రేక్‌ని వదిలి పట్టుకునేది ఇందుకే, ఆగడానికన్నా ముఖ్యంగా తిరగడానికి. మన దగ్గర 2019 నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. కాంటెస్సాకి లేదు. 1998లో ఆ లారీకీ లేదు.

నలభైలో వచ్చి తొక్కాను. స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి ఉన్నా కారు పట్టించుకోలేదు. మలుపు బయటి అంచుకి గుర్తుగా పెట్టిన డబ్బా పక్క నుంచి తిన్నగా పొలంలోకి పోయి ఆగింది. మావ దిగాడు. డబ్బా దగ్గర నుంచి కారు దాకా అడుగులు లెక్కపెట్టాడు. పద్నాలుగు. వచ్చి కూర్చున్నాడు.

"మళ్లీ రా. ఈ తడవ తొక్కి, ఒదిలెయ్."

తొక్కి, జారుతుందనగా వదిలాను. ముందు చక్రాలు తిరగడం మొదలెట్టగానే కారు తల తిప్పింది. మలుపు తిరిగింది. కానీ వెడల్పుగా తిరిగింది, డబ్బాకి బయటి వైపు నుంచి. మావ దిగి కొలిచాడు. మూడడుగులు బయట.

"మళ్లీ."

అలా పదకొండు సార్లు. తొక్కి ఉంచితే ఎప్పుడూ పొలంలోకే. వదిలితే ఎప్పుడూ తిరిగింది, ఒకసారి రెండడుగులు బయట, ఒకసారి నాలుగు. వేగం తగ్గించమన్నాడు. ముప్పైలో వదిలితే డబ్బాకి లోపలే, రోడ్డు మీదే ఉంది. మావ ఆ గీతల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఎర్రమట్టిలో టైర్ల చారలు స్పష్టంగా ఉన్నాయి, ఏది ఎవరిదో చెప్పుకోనక్కర్లేదు.

నేను ఇంజనీరింగ్ చదివాను కాబట్టి ఈ లెక్క కాగితం మీద వెయ్యగలను. మలుపు వ్యాసార్థం, వేగం, నేల పట్టు తెలిస్తే చాలు. ఘాట్ మీద ఆ వంపు కొలతలు తెలియకపోయినా వెళ్లి కొలిచి రావచ్చు. గిద్దలూరు మాకు ఎంతో దూరం కాదు. ఇన్నేళ్లలో వెళ్లి కొలవాలని ఒక్కసారి కూడా నాకు తోచలేదు. ఇప్పుడు తోచింది. కానీ మూడడుగులు వెంచర్‌లో పొలం, ఘాట్ మీద లోయ. అంతా వేగం మీదే ఉంది.

"లారీ వేరు మావా," అన్నాను. "లోడు, దిగుడు, అంత బరువు..."

"తెలుసు," అన్నాడు. "నడిపింది నేనేగా."

వాన మళ్లీ సన్నగా మొదలైంది. నేను అడగకూడదనుకుంటూనే అడిగాను, ఆ రాత్రి ఎంత స్పీడులో ఉన్నావని.

మావ డబ్బా వంచి అందులో చేరిన నీళ్లు పారబోశాడు.

"ఆ బండికి మీటరు పని చేసేది కాదురా," అన్నాడు. "ఓనరుకి ఎన్ని సార్లు చెప్పినా."

డబ్బాలు మూడూ ఒకదాంట్లో ఒకటి పెట్టి డిక్కీలో పడేశాడు. రాడ్ తీసుకుని టైర్లు నాలుగూ కొట్టి చూశాడు. కుడి ముందు టైరు దగ్గర ఆగి, వంగి, వేళ్లతో తడిమాడు.

"ఇది లోపలి పక్క తినేస్తంది. రేపు పొద్దున్నే ఎనక్కి మార్చు. ఇంకో పది రోజులొస్తది."